సముద్రం దాటిన సేవానిరతి

లోకానికి సేవ చేయాలన్న తపన నెల్లూరు జిల్లా యువతలో నానాటికీ పెరుగుతున్నదనడానికి, కావలికి చెందిన ఒక యువ ఇంజనీరు ఘనా దేశంలో స్వచ్ఛంద సేవకుడిగా గడిపిన సెలవురోజు సాయంత్రాన్ని మించిన నిదర్శనం అక్కరలేదు. ఆయన వెళ్లింది పల్లెబడిలో పిల్లలకు లెక్కలు చెప్పడానికి. ఆ లెక్కలు ఎంతవరకు వచ్చాయన్న సమాచారం బంధువులకు ఇంతవరకు అందలేదు గానీ, మార్చి 6వ తేదీ సాయంత్రం ఆయన ఏం భుజించారో, ఎవరి పక్కన చిందేశారో తెలిపే వీడియోలు మాత్రం ట్రంకురోడ్డు టీ దుకాణం దాకా చేరాయి.

2019లో మన రాష్ట్రంలో సుమారు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున నియమితులైన వలంటీర్లు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పుచ్చుకుని, తెల్లవారకముందే తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టేవారు. మన ఇంజనీరు త్యాగం అంతకంటే గొప్పది. తండ్రిగారి రొయ్యల గుంటల రాబడిలోంచి విమాన ఖర్చులు, పైగా సేవ చేయనిచ్చినందుకు రుసుము కూడా ఆయనే చెల్లించుకున్నారు.

ఆ రోజు ఘనాకు స్వాతంత్ర్య దినం. 1957లో క్వామే ఎన్‌క్రుమా నాయకత్వాన ఆ దేశం ఆంగ్లేయుల పాలన నుంచి బయటపడింది. ఆ సందర్భాన అతిథులకు ఫుఫు వండారు. ఉడికించిన కర్రపెండలాన్ని, అరటికాయను పెద్ద కొయ్యరోట్లో వేసి ఒకరు రోకలితో దంచుతుంటే, మరొకరు పోటుకూ పోటుకూ నడుమ చేయి పెట్టి ముద్దను తిప్పుతారు. మన సేవకుడు ఉత్సాహం పట్టలేక రోకలి అందుకున్నారు. ముద్ద తిప్పే అమ్మగారు తన వేళ్ల క్షేమాన్ని తలచుకుని, చిరునవ్వుతోనే దానిని వెనక్కి తీసుకున్నారు.

ఆ ముద్దను వేరుశనగ సూపులో ముంచి, నమలకుండా మింగాలి. అదీ కుడిచేత్తోనే, ఎడమచేయి పనికిరాదు. ఇది మహత్తర సంస్కృతి అని ఆయన వీడియోలో గద్గద స్వరంతో సెలవిచ్చారు. ఉదయగిరి వైపు నుంచి వచ్చిన వాళ్ల అమ్మమ్మ చేపల పులుసులోకి రాగి సంగటి ముద్ద చేసి పెడితే, అది గొంతు దిగదని చెంచాతో నూడుల్స్ తిన్న మనిషి ఈయనే. అమ్మమ్మకు ఆ వీడియో చూపించారు. ఆమె వ్యాఖ్య అచ్చు వేయదగినది కాదు.

పిదప హైలైఫ్ సంగీతం మోగింది. 1960ల నాటి రాజధాని అక్రా యువకులు పుట్టించిన క్‌పాన్‌లోగో నాట్యపు డోళ్లూ అందుకున్నాయి. ఊరి తిరునాళ్లలో మేనమామలు చెక్కభజన చేస్తుంటే పరువు పోతుందని కారు అద్దాలు ఎక్కించుకుని కూర్చున్న ఈ యువకుడు, ఇక్కడ ఒక ముసలమ్మ భుజం పట్టి అడుగులు సరిదిద్దుతుంటే వినయంగా నేర్చుకున్నారు. వండినవారు, వడ్డించినవారు, అడుగులు నేర్పినవారు, నవ్వు ఆపుకున్నవారు అందరూ ఆ ఊరివాళ్లే కాగా, సేవా ధ్రువపత్రం మాత్రం మనవాడి పేర రావడంలోని న్యాయం సామాన్య బుద్ధికి అందదు.

కనుక మన జిల్లా కూడా ఇలాంటి పథకం ఒకటి పెట్టాలని నా మనవి. ఘనా యువకులు సంక్రాంతికి వచ్చి, తగిన రుసుము కట్టి, మన చేత పులుసన్నం పెట్టించుకుని, చెక్కభజన నేర్చుకుని, మనల్ని ఉద్ధరించినట్లు పత్రం పట్టుకుపోవచ్చు. అయితే వాళ్లు రాత్రికి రోలు కడుగుతామని పట్టుబడే ప్రమాదం ఉంది. అందుకు నిబంధనల్లో అవకాశం ఇవ్వకూడదు.

ఇక ఈ సేవకు మూలకారణం నెల్లూరు స్వర్ణాల చెరువు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో తల్లిగారు కొడుకు విదేశాలకు వెళ్లాలని కోరుకుని విదేశీ రొట్టె పుచ్చుకున్నారు. కోరిక తీరినవారు తిరిగి వచ్చి మరొకరికి రొట్టె ఇవ్వడం ఆచారం. ఇవ్వవలసింది ఇచ్చి, అక్కడే మళ్లీ ఒకటి పుచ్చుకుంటానని ఆమె అంటున్నారు. కుర్రవాడికి ఈసారి పెరూ దేశం మీద జాలి కలిగిందట.