ప్రజాభిప్రాయ సేకరణ గారికి, టోకెన్ నంబరు 63 రాయునది

అయ్యా (లేక అమ్మా, పేరును బట్టి తేలడం లేదు),

నిన్న విశాఖ శివార్లలో, అక్కడ రాబోయే ఒక ప్రాజెక్టు మీద పెట్టిన సభలో, మీ కోసం షామియానా కింద నాలుగున్నర గంటలు కూర్చున్నాను. మీ పేరు రాసిన బ్యానరు వచ్చింది. అధికారులు వచ్చారు, బందోబస్తు వచ్చింది, పులిహోర పొట్లాలు వచ్చాయి, మజ్జిగ వచ్చింది. మీరొక్కరే రాలేదు.

పదకొండుకు మొదలన్నారు. ఒంటిగంటకు వేదిక మీద కుర్చీలు తుడిచారు. ఇలాంటి సభకు కోరం, అంటే ఇంతమంది ఉండి తీరాలన్న లెక్క, అవసరం లేదని 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లోనే ఉంది. కాబట్టి మేము లేకపోయినా మీకు నష్టం లేదు. ఉన్నాం కాబట్టి పులిహోర తగ్గింది, అంతే. మూడుంపావుకు నా వంతు వచ్చింది. మైకు అందిస్తూ "రెండు నిమిషాలే" అన్నారు. ఆ ప్రాజెక్టు పక్కనే నాకున్న రెండు వందల గజాల స్థలం, అందులోని బోరు, ఆ బోరులోని నీళ్లు, ఈ మూడింటిలో బోరు దాకా వచ్చాను. "మిగతాది రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు. మైకు పక్కవారి చేతికి వెళ్లిపోయింది. చివర్లో సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలని నియమం. వినిపించారు. సరిగ్గా అప్పుడే జనరేటరు కూడా వినిపించింది.

ఇవన్నీ పాత సంగతులే, క్షమించేశాను. క్షమించలేనిది ఆ మడత.

గేటు దగ్గర బల్ల మీద అట్టకు బిగించిన కాగితం. వరుస సంఖ్య, పేరు, ఊరు, సంతకం. "సంతకం పెడితే టోకెను, టోకెను ఉంటేనే మైకు" అన్నాడు కుర్రాడు. ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, చదవకుండా సంతకం పెట్టొద్దని ఊరందరికీ చెప్పినవాణ్ణి, పెట్టేశాను. తిరిగి వెళ్తుంటే సముద్రం వైపు నుంచి గాలి తోలింది. క్లిప్పు కిందికి మడిచిన కాగితం అంచు లేచి నిలబడింది. దాని మీద చక్కటి అచ్చు అక్షరాల్లో "ప్రాజెక్టును హర్షిస్తూ మద్దతు తెలుపుతున్న ప్రజలు" అని ఉంది. అందులో 63వ హర్షం నాది. "కొట్టేస్తాను బాబూ" అంటే "పెన్ను లేదండి" అన్నాడు. సంతకం పెట్టించిన పెన్ను వాడి చెవి మీదే ఉంది.

రాత్రంతా ఆ మడతే కళ్ల ముందు కదిలింది. అప్పుడు గుర్తొచ్చారు మీరు. ఇదే పేరుతో, మరో రూపంలో, 2014లో.

మా మేనల్లుడు అప్పట్లో అబర్డీన్‌లో చమురు ఉద్యోగం చేసేవాడు. స్కాట్లండ్ వెళ్లి నిండా నాలుగేళ్లు కాలేదు, చలికి ఇంకా తిట్టుకుంటూనే ఉన్నాడు. ఒకరోజు ఫోన్ చేసి "మామయ్యా, వీళ్లు బ్రిటన్ నుంచి విడిపోయి ప్రత్యేక దేశం కావాలో వద్దో నన్నడుగుతున్నారు" అన్నాడు. తాగి మాట్లాడుతున్నాడనుకున్నాను. నిజమే. అక్కడ నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకూ, అంటే మనవాళ్లకూ, ఓటు ఇచ్చారు. పదహారేళ్లు నిండిన పిల్లలకూ ఇచ్చారు. స్వాతంత్ర్యం కావాలని ఏళ్ల తరబడి చెప్పిన నటుడు షాన్ కానరీ మాత్రం బహామాస్‌లో ఉంటున్నందున ఓటరు కాలేకపోయారు. మర్రిపాలెంలో పుట్టిన మావాడు ఓటరు. మీ లీలలు.

వాడు "ఎటు వేయమంటావు మామయ్యా" అని అడిగిన పాపానికి ఆ సమస్య బీచ్ రోడ్డుకు వచ్చింది. జలాంతర్గామి మ్యూజియానికి కాస్త అవతల మాకో సిమెంటు బల్ల, దాని వెనక ఒక టీ దుకాణం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడ స్కాట్లండ్ తప్ప మరో మాట లేదు. ఒక్కరికీ ఓటు లేదు, ఒక్కరూ నోరు మూయలేదు.

రిటైరైన బ్యాంకాయనది "కాదు" పక్షం. "విడిపోతారట, పౌండు మాత్రం ఉమ్మడిగా ఉంచుకుంటారట. వేరు కాపురం పెట్టి అత్తగారి గ్యాసు బండ మీద వండుకుంటామంటే ఆవిడ ఊరుకుంటుందా?" ఊరుకోలేదు కూడా. లండన్‌లోని ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఫిబ్రవరిలోనే ఆ పొత్తు కుదరదని చెప్పేశారు. పోర్టులో పనిచేసినాయన "అవును". ఉత్తర సముద్రంలో చమురుంది, ఇక భయమేమిటంటారు. బారెల్ వంద డాలర్ల పైన లెక్క కట్టారు కదా, ధర పడితే ఏమిటని బ్యాంకాయన. పడదని ఈయన. 2015 జనవరికల్లా యాభై కిందికి దిగింది. పోర్టాయన ఆ నెలంతా వేరే దారిలో నడిచారు.

మా వాదనలన్నిటినీ రెండే ప్రశ్నలు ఆపగలిగాయి, రెండూ చదువుకోని వాళ్లవే. పెద జాలారిపేట నుంచి వచ్చే పెద్దాయన వలకు ముడి వేసుకుంటూ అడిగాడు: "నేల మీదంటే రాయి పాతుతారు. నీళ్లలో గీత ఎక్కడ గీస్తారండీ? చేపకు ఎవరు చెబుతారు?" రెండోది టీ దుకాణదారుది. స్కాట్లండ్‌లోని ఫస్లేన్ స్థావరంలో బ్రిటన్ వారి అణు జలాంతర్గాములున్నాయని, విడిపోతే వాటిని తీసుకుపొమ్మంటారని, అది తేలే వ్యవహారం కాదని నేను ఉపన్యాసం ఇస్తుంటే వెనక నుంచి అన్నాడు: "అంత తలనొప్పైతే మనలాగా ఒడ్డుకు లాగి టికెట్టు పెట్టుకోలేరా?"

నేను "అవును" పక్షమే. నాకేం పోయింది, నా పింఛను ఇక్కడి నుంచి వస్తుంది. ఈ మాట మేనల్లుడి కింది వాటాలో ఉండే ముసలావిడతో అని ఉంటే చీపురు తిరగేసేదేమో. ఆవిడ భయమంతా పింఛను గురించే. పదహారేళ్ల మనవడేమో గదిలో జెండా కట్టుకున్నాడట. ప్రతి ఆదివారం టీకి వచ్చేవాడు, ఆఖరి మూడు వారాలు రాలేదు. ఆవిడ మాత్రం వాడి బిస్కెట్లు తీసి పళ్లెంలో పెట్టేదట. వాళ్ల వీధి హాలులో జరిగిన సభకు మావాడు వెళ్లాడు. ప్లంబింగు పని చేసే మనిషి లేచి "నా ఇంటి అప్పు ఏ డబ్బులో కట్టాలి?" అని అడిగితే వేదిక మీది పండితుడు నీళ్లు నమిలాడట. మైకు ఎవరూ లాక్కోలేదట. ఈ ముక్క మీరు జాగ్రత్తగా వినాలి. మైకు ఎవరూ లాక్కోలేదు.

నష్టాలన్నీ అంకెల్లో ఉండేవి, లాభాలన్నీ ఆశల్లో ఉండేవి, అందుకే బల్ల మీద "కాదు" వాళ్లే ఎప్పుడూ గెలిచేవారు. ఒక్క రోజు తప్ప. 2010 ఎన్నికల్లో స్కాట్లండ్‌లోని 59 స్థానాల్లో కన్సర్వేటివ్ పార్టీకి వచ్చింది ఒకటేనని, అయినా వాళ్లను ఏలుతున్నది ఆ పార్టీ ప్రధానేనని మావాడు చెప్పాడు. అది వినిపించాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఉత్తరాంధ్ర వాళ్లం, ఆ బాధను మాకు ఎవరూ తర్జుమా చేయనక్కరలేదు.

ఇక నా మడత దగ్గరికి వస్తున్నాను, ఎక్కడికీ వెళ్లకండి. అక్కడ మొదట రాసుకున్న ప్రశ్న "స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలని మీరు అంగీకరిస్తారా?" అన్న ధోరణిలో ఉంది. ఎన్నికల సంఘం జనం దగ్గర పరీక్షించి చూసి, "అంగీకరిస్తారా" అంటే ఓటరును "అవును" వైపు మెల్లగా తోసినట్టవుతుందని చెప్పింది. ఆ ముక్క తీసేశారు. "స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా?" అని మిగిలింది. ఒక దేశం పుట్టాలా వద్దా అన్న చోట ఒక్క క్రియాపదం తూకం చూశారండీ! ఇక్కడ నా బోరు నీళ్ల విషయంలో శీర్షిక మొత్తాన్ని క్లిప్పు కింద దాచారు.

2014 సెప్టెంబరు 18న పోలింగు. ఓటర్లలో 84.6 శాతం మంది వెళ్లారు. మరునాడు మాకు ఉదయం పదిన్నర ప్రాంతంలో తేలింది: కాదు 55.3, అవును 44.7. బ్యాంకాయన అందరికీ ఉల్లిపాయ పకోడీలు తెప్పించారు. మేనల్లుడు ఎటు వేశాడో నేటికీ చెప్పలేదు. ఆ మనవడు తరువాతి ఆదివారం టీకి వచ్చాడని మాత్రం చెప్పాడు. పోలింగు జరిగిన సరిగ్గా ఇరవై నాలుగు రోజులకు మా మీదికి హుద్‌హుద్ తుపాను వచ్చింది. టీ దుకాణం రేకులు ఎవరి అభిప్రాయమూ సేకరించకుండానే స్వాతంత్ర్యం ప్రకటించుకుని వెళ్లిపోయాయి.

అదే సంవత్సరం మా రాష్ట్రం రెండైంది. అది తప్పా ఒప్పా అని ఈ ఉత్తరంలో తేల్చను, దేశం వేరు, రాష్ట్రం వేరని కూడా తెలుసు, తెలంగాణ వారు ఎన్నేళ్లు కొట్లాడారో కూడా తెలుసు. నా గొడవ మీతో. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, వినాలన్న నియమం లేదు. జనవరిలో మా శాసనసభ బిల్లును తిప్పికొట్టింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. టీవీ ముందు కూర్చున్న నాకు నల్లటి తెర. నాలుగేళ్ల కాపురానికి మావాణ్ణి అడిగారు, అరవై ఏళ్ల కాపురానికి నాకు తెర దించారు.

మన దేశానికి మీరు కొత్త అనుకుందామంటే అదీ కాదు. 1967 జనవరిలో గోవా వెళ్లారు. మహారాష్ట్రలో కలిపేయాలా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉంచాలా అని జనాన్నే అడిగారు. పువ్వు గుర్తు, రెండాకుల గుర్తు. రెండాకులు గెలిచాయి, గోవా గోవాగా మిగిలింది. అంత దూరం వచ్చినవారు ఇటు తూర్పు తీరానికి ఒక్కసారి రాలేకపోయారా? విశాఖ రాజధాని అని ఒక ప్రభుత్వం అంది, కాదని మరొకటి అంది. రెండుసార్లూ మేము పేపరులోనే చదువుకున్నాం. రైల్వే జోను 2019లో ప్రకటించి 2025లో ఆఫీసుకు శంకుస్థాపన చేశారు. ఉక్కు కర్మాగారం ఊసెత్తితే ఉత్తరం చాలదు.

పరాయి ఊళ్లో మీరు పులుకడిగిన ముత్యమని నేననను. 1995లో కెనడా నుంచి విడిపోవాలా అని క్యూబెక్‌లో అడిగిన మీ ప్రశ్న ఎంత పొడుగంటే, చదివేవాడు మధ్యలో మంచినీళ్లు తాగాలి. అందులోనే ఒక బిల్లు, ఒక ఒప్పందం. అదీ మడతే. కాదు 50.58, అవును 49.42 శాతం దగ్గర ఆగింది. స్కాట్లండ్‌లోనూ పోలింగుకు రెండు రోజుల ముందు లండన్ పార్టీల నాయకులు ముగ్గురూ పేపరు మొదటి పేజీలో వాగ్దానం అచ్చేశారు. విడిపోతే ఐరోపా సమాఖ్యలో చోటు ఉండదని భయపెట్టారు. 2016లో స్కాట్లండ్‌లో 62 శాతం ఉంటామన్నా బ్రిటన్ మొత్తం ఆ సమాఖ్య నుంచి బయటికి నడిచింది. మళ్లీ అడగండి అంటే, లండన్ ఒప్పుకోకుండా ఆ అధికారం ఎడింబరోలోని స్కాట్లండ్ శాసనసభకు లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మనవడికి ఇప్పుడు ఇరవై ఏడు ఇరవై ఎనిమిది ఉంటాయి. వాడూ మీకు ఉత్తరం రాస్తూనే ఉంటాడు.

అయినా వాణ్ణి చూస్తే నాకు కుళ్లు. ఓడిపోయినా వాడి "అవును" అవునుగానే లెక్కలోకి వెళ్లింది. నేను నోరు తెరవకముందే నా "కాదు" హర్షమైపోయింది. సిగ్గుండాలండీ. మనిషిని అడగదలచుకోకపోతే మానేయండి, అలవాటైపోయింది. అడిగినట్టు నటించి, పొట్లం చేతిలో పెట్టి, సంతకాన్ని దొంగిలించడమేమిటి?

వచ్చే నెల పక్క మండలంలో మీ సభ ఉందని నిన్న గోడ మీద చూశాను. వస్తాను. బ్యాంకాయన కూడా వస్తానన్నారు. జాలారిపేట పెద్దాయన "పొట్లంలో ఏముంటుంది?" అని అడిగాడు, అంటే ఆయనా వస్తున్నట్టే. ముగ్గురమూ పెన్నులు తెచ్చుకుంటాం. ముందు క్లిప్పు తీస్తాం.

ఇట్లు,
మీ 63వ హర్షం

తా.క. మజ్జిగ పుల్లగా ఉంది. కనీసం ఈ అభిప్రాయాన్నైనా ఉన్నది ఉన్నట్టు నమోదు చేయగలరు.