పేలితే చాలు అనేవాళ్లకి హేలో గ్రెనేడ్లు అర్థం కాలేదు

గుంటూరు బ్రాడీపేటలో మా గేమింగ్ బ్యాచ్‌లో హేలో అనే షూటింగ్ వీడియో గేమ్ గురించి ఎవర్ని కదిపినా ఒకటే మాట. "ఏ గ్రెనేడైతే ఏంటి మావా, పేలితే చాలుగా." ఈ మాటకి నాకు ఒళ్లు మండుద్ది. పేలడం ఆఖర్న జరిగేది. అసలు ఆట దానికి ముందే ఉంది. గ్రెనేడ్ పడగానే ఎదుటివాడు ఏం చేయాల్సి వస్తుందో, అదే దాని విలువ.

2001లో బంగీ కంపెనీ వాళ్ల మొదటి హేలోలో ఉన్నవి రెండే రకాల గ్రెనేడ్లు. చేతిలో తుపాకీ మార్చక్కర్లేదు, విసరడానికి విడిగా ఒక బటన్ ఉంటుంది. మనుషుల సైన్యం వాడే ఫ్రాగ్ గ్రెనేడ్ గోడకి కొడితే ఎగిరి మూల తిరిగిపోద్ది, కనపడని శత్రువు దాకా. శత్రువులైన గ్రహాంతరవాసులు, అంటే కవనెంట్ వాళ్ల ప్లాస్మా గ్రెనేడ్ వేరు. ఒంటికి గానీ బండికి గానీ తగిలిందా, ఇక ఉడుం పట్టే. గ్రంట్‌కి, అంటే కవనెంట్‌లోని పొట్టి సైనికుడికి అంటుకుంటే వాడు కేకలేస్తూ పరిగెడతాడు, పక్కనోళ్లకీ మూడుద్ది. గోడకి మాత్రం అతుక్కోదు, అందుకే గురి కుదరాలి. పైగా చచ్చినోళ్ల దగ్గర పడున్న గ్రెనేడ్లు పక్కన ఇంకోటి పేలితే అవీ వరసపెట్టి పేలతాయి. రెండు రకాలతో ఇంత ఆట!

2007లో హేలో 3 ఇంకో రెండు కలిపింది. బ్రూట్లు అనే శత్రువుల స్పైక్ గ్రెనేడ్ గోడకి కూడా గుచ్చుకుని మేకులు చిమ్ముద్ది. ఫైర్‌బాంబ్ పడ్డచోట నేల కాసేపు మండుతూనే ఉంటుంది. సన్నటి దారిలో ఒకటి వేశామంటే వెంటపడేవాడు ఆగాలి, లేదా చుట్టూ తిరిగి రావాలి. నా లెక్కలో సిరీస్ మొత్తంలో తెలివైన గ్రెనేడ్ అదే.

2012లో హేలో 4 తెచ్చిన పల్స్ చూడటానికి అందంగా ఉంటుంది, అంతే. అది పరిచే వలయం లోంచి ఎదుటివాడు పక్కకి జరిగిపోతే సరిపోద్ది. హేలో 5 స్ప్లింటర్ కొంత నయం. దాని ముక్కలు గాల్లో వేలాడుతూ దారికి అడ్డం పడతాయి.

2021 నాటి హేలో ఇన్ఫినిట్‌లో కరెంటు షాకులిచ్చే డైనమో వచ్చింది, బాగుంది. స్పైక్‌నీ వెనక్కి తెచ్చారు, సంతోషం. మరి ఫైర్‌బాంబ్ ఏం పాపం చేసింది? ఇరుకు దార్లున్న మ్యాపులు అన్నుండగా దాన్ని ఎందుకు వదిలేశారు? తర్వాతి ఆటలో ఇంకో కొత్త రంగు మెరుపు మాకొద్దు. ఆ మంట తిరిగి తెండి.