టాపెట్ సౌండ్ పోయిందంట, సంతోషం!

ఒక మెకానిక్ నా బైకుకి చేసిన పనికి నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఈ రాత్రికి నిద్ర పట్టేలా లేదు. ఇక మీరే దొరికారు.

నా స్ప్లెండర్ సంగతి మీకు కొత్త కాదు. మీటరు మీద 52 వేలు కనిపిస్తుంది, అసలు లెక్క 1,52,000. ఆ మిగతా లక్ష సంగతి కింద చెప్తా, దానికి వేరే మంట ఉంది. వారం రోజులుగా హెడ్డు (ఇంజన్ పైభాగం) దగ్గర మళ్లీ టిక్కుటిక్కుమని చప్పుడు. వయసైన బండి కదా, టాపెట్లు (వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య గ్యాప్ సెట్ చేసే స్క్రూలు) చూపించి, రాకర్లూ వాటిని లేపే క్యామూ అరిగితే మార్పించేద్దామని ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఒక షెడ్డు దగ్గర ఆపాను.

అప్పటికి బండి ఇరవై కిలోమీటర్లు ఆగకుండా వచ్చింది. ఇంజన్ మీద నీళ్లు చిలకరిస్తే చుయ్యిమంటుంది. "చల్లారేదాకా కూర్చుంటానన్నా" అన్నాను. మెకానిక్ నా వైపు చూసి నవ్వాడు. పైన రెండు మూతలు విప్పాడు, కిక్కు రాడ్డు చేత్తో కాస్త నొక్కాడు, రాకర్‌ని వేలితో ఆడించాడు, స్క్రూ బిగించాడు, నట్టు కట్టాడు, మూతలు పెట్టేశాడు. మొత్తం ఐదు నిమిషాలు. మాగ్నెట్ కవర్ మీద మూత విప్పి టీ మార్కు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిందని చూపే గుర్తు) చూస్తాడేమో అని నేను అమాయకంగా ఎదురు చూస్తున్నా.

"ఫీలర్ గేజ్ పెట్టవా అన్నా?" అన్నాను, అదే, గ్యాప్ కొలిచే పల్చటి రేకులు.

"ఈ చెయ్యే గేజ్ తమ్ముడూ. ఇరవై ఏళ్ల నుంచి చేస్తున్నా."

రేస్ ఇచ్చి వినిపించాడు. "చూశావా, సౌండే లేదు." 250 తీసుకున్నాడు. చివర్లో దీవెన ఒకటి: "బోరు చేయించాలి, ఇంజన్ అయిపోయింది." అంటే, అరిగిన సిలిండర్‌ని లేత్ మీద చెక్కించాలని.

ఈ పొద్దున కిక్కు కొట్టీ కొట్టీ పిక్క పట్టేసింది. ఎలాగో స్టార్ట్ అయితే, యాక్సిలేటర్ వదలగానే ఆగిపోతోంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందిగా అని, ఇక కిక్కు కొట్టడం ఆపేసి నేనే విప్పాను. టీ మార్కునీ దాని ఎదురు గీతనీ కలిపాను, అప్పుడు రెండు రాకర్లూ వదులుగా ఉండాలి, లేవు. కంప్రెషన్ మీద (రెండు వాల్వులూ మూసుకుని ఉండే చోట) లేదేమో అని ఇంకో చుట్టు తిప్పి చూశా. పెట్రోలూ గాలీ లోపలికి వదిలే ఇన్లెట్ వాల్వ్ రాకర్ కాస్త ఆడింది. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్‌ది మాత్రం బిర్రబిగుసుకుపోయి ఉంది. నా దగ్గరున్న గేజ్‌లో అన్నిటికంటే పల్చటి రేకు కూడా దూరలేదు. ఈ బండికి ఉండాల్సిన గ్యాప్ 0.05 మిల్లీమీటర్లు, అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాక. అదేం పెద్ద గ్యాప్ కాదు, తల వెంట్రుకంత. ఆ వెంట్రుకంత కూడా ఉంచకుండా బిగించేశాడు మహానుభావుడు. సౌండ్ ఎందుకుంటుంది? నోట్లో గుడ్డ కుక్కితే ఎవరు మాత్రం అరుస్తారు?

మన జనంలో ఒక జబ్బుంది. బండి చప్పుడు చేయకపోతే చాలు, బాగున్నట్టే. టాపెట్ కాస్త లూజుగా ఉంటే టిక్కుమంటుంది, పెద్దగా కొంప మునగదు, సెట్ చేసుకోవచ్చు. టైటుగా ఉంటే నోరెత్తదు, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వ్‌కి పట్టిన వేడి అంతా అది తన సీటు (హెడ్డులో వాల్వ్ ఆనే అంచు) మీద ఆని కూర్చున్నప్పుడే హెడ్డులోకి దిగాలి. కూర్చోనివ్వకపోతే అంచు కాలిపోతుంది. ఇంజన్ నిమిషానికి 4 వేలు తిరుగుతుంటే ఒక్కో వాల్వ్ 2 వేల సార్లు తెరుచుకుని మూసుకోవాలి పాపం. నాలుగు నెలల తర్వాత కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) పోయి, పికప్ చచ్చి, మనం మళ్లీ అదే షెడ్డుకి వెళ్తాం. అతను చెప్పనే చెప్పాడుగా, బోరు చేయించాలని! ఎంత దూరదృష్టి!

బోరు పోయిందో వాల్వ్ పోయిందో తెలుసుకోవడానికి జ్యోతిష్యం కూడా అక్కర్లేదు. ప్లగ్గు విప్పి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి కంప్రెషన్ చూస్తే, ముందుకన్నా పెరిగితే పిస్టన్ రింగులో బోరో, పెరగకపోతే వాల్వులు. ఇంతే. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వదిలి మానేస్తే వాల్వ్ సీళ్ల (ఆయిల్ లోపలికి జారకుండా ఆపే రబ్బర్లు) వైపు చూడాలి. వాటి కోసం సిలిండర్‌ని లేత్ షాపుకి పంపేవాళ్లని నా కళ్లతో చూశాను.

స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో వినడాన్ని నేను తప్పు పట్టను, అది మంచి పద్ధతే. ఎడమ వైపు నుంచి కరకరమంటే టైమింగ్ చైను, పైనుంచి టిక్కుమంటే టాపెట్. కానీ విన్నాక కొలవాలి కదా! అరిగిన బండిలో కొలత కూడా మోసం చేస్తుంది. స్క్రూ కొన గుంట పడిపోతే రేకు ఆ గుంట మీద వంతెనలా ఆగుతుంది. గేజ్ 0.05 అంటుంది, లోపల అంతకు మించి ఉంటుంది. సెట్ చేసిన మర్నాడే మళ్లీ టిక్కు. నా ఇన్లెట్ స్క్రూకి సరిగ్గా అదే అయ్యింది, ఈ పొద్దున టార్చ్ వేసి చూస్తే చిన్న గిన్నెలా ఉంది. నిన్న మూత విప్పినప్పుడు ఆ మెకానిక్ ఇది చూడలేదా? చెయ్యే గేజ్ అయినవాడికి కళ్లతో పనేముంటుంది లెండి.

షెడ్డు వాడిని అంటున్నానని పెద్ద పెద్ద అద్దాల సర్వీస్ సెంటర్‌కి వెళ్లమని సలహాలివ్వకండి. వెళ్లాను, పోయిన ఏడాది. ఏసీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. బిల్లులో "టాపెట్ అడ్జస్ట్‌మెంట్" అని ఒక లైను, పక్కన డబ్బులు. ఇంటికొచ్చి చూస్తే టాపెట్ మూతల మీద మా ఊరి పొలం గట్టు బురద అలాగే ఎండి ఉంది. పానా తగిలిన ఆనవాలు లేదు. మూత విప్పకుండా లోపల గ్యాప్ సరిచేశారు! నిన్నటి షెడ్డు వాడు కనీసం విప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక క్యామ్ మార్చాలన్నా రాకర్ మార్చాలన్నా షెడ్డుల్లో ఒకటే గోల. "క్యామ్ ఒక్కటి వేసుకోండి సార్, రాకర్లు ఇంకా నడుస్తాయి." గుంతలు పడ్డ పాత రాకర్‌ని కొత్త క్యామ్ మీద పెడితే కొత్తదాన్ని కూడా గీకి పారేస్తుంది. రెండూ కలిపే మార్చాలి. నేనేం శుద్ధపూసని కాను, ఒకసారి ఆయిల్ మార్చకుండా చాలా దూరం తిప్పేశాను. ఆయిల్ చివరికి చేరేది పైన హెడ్డులోకే, తగ్గితే ముందు ఎండిపోయేది క్యామే. ఆ పాపంలో నా వాటా నాదే.

మిగతా వాటా మా బావది. ఇదిగో, ఆ లక్ష సంగతి.

2021లో ఈ బండి మా బావ దగ్గరే కొన్నాను. మీటరు మీద 14 వేలు. "ఇంటికీ ఆఫీసుకీ తప్ప తియ్యలేదు బామ్మర్దీ, కొత్త బండే అనుకో" అన్నాడు. ఇంజన్ పిల్లిలా ఉంది, చప్పుడే లేదు. నేను మురిసిపోయాను. 14 వేలు తిరిగిన బండికి కిక్కు రబ్బరు అరిగి ఇనుము ఎందుకు మెరుస్తోందో, బ్రేకు పెడల్ నున్నగా గులకరాయిలా ఎందుకుందో అడగాలని తోచలేదు. సొంత బావని అడుగుతామా? మొదటి ఆయిల్ మార్పుకి నట్టు విప్పితే 900 ఎంఎల్ బెల్లం పాకంలా కారింది. చప్పుడు బయటికి రాకుండా చిక్కటి ఆయిల్ పోయించి అమ్మాడు. మామూలు ఆయిల్ పోశాక మొదలైంది టిక్కుటిక్కు. ఈ మీటర్లో ఐదు అంకెలే, 99,999 దాటితే మళ్లీ సున్నా. బావ అబద్ధం చెప్పలేదు, ఒక్క లక్ష మాట మర్చిపోయాడంతే. డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఆదివారం హెడ్డు దింపుతున్నాను. క్యామ్, రెండు రాకర్లు, స్క్రూలు, వాల్వ్ సీళ్లు తెచ్చి పెట్టుకున్నా. వాల్వులు ఎలా ఉన్నాయో దింపాక చూసి, కాలకపోతే గ్రైండింగ్ పేస్ట్ వేసి నేనే రుద్దుతా, పోర్టులో (వాల్వ్ వెనక దారిలో) కాస్త పెట్రోల్ పోసి కారుతుందో లేదో చూసుకుంటా.

అక్కా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. బావ పేరు ఎక్కడా రాయలేదు, మళ్లీ ఒకసారి చూసుకో. ఆదివారం మీ ఊళ్లో పెళ్లికి బండి కావాలని అడిగాడంట కదా, హెడ్డు విప్పి ఉంటుందని చెప్పు.