ఒంట్లో పెట్టిన పరికరానికి లెక్క ఉండాలి

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న మహిళ, తొలగించిన రొమ్ము స్థానంలో సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకోవడం కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇప్పుడు విననిదేమీ కాదు. క్యాన్సర్‌తో నిమిత్తం లేకుండా, తమ శరీరం తమకు నచ్చినట్లు ఉండాలని పెట్టించుకునేవారూ ఉన్నారు. కర్నూలు వారికి హైదరాబాద్, అనంతపురం వారికి బెంగళూరు, కడప వారికి చెన్నైయో తిరుపతో దగ్గర. ఆపరేషన్ అక్కడ, కాపురం ఇక్కడ. పదేళ్ల తర్వాత ఆ వైపు రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బితే ముందుగా వెళ్లేది మాత్రం మన ఊరి డాక్టరు దగ్గరకో, ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో. లోపల ఉన్నది ఏ కంపెనీది, ఏ రకం, ఎప్పుడు పెట్టారని అక్కడి వైద్యులు అడిగితే చూపడానికి ఒక్క కాగితమైనా ఆమె చేతిలో ఉంటుందన్న భరోసా నేడు లేదు.

ఇంప్లాంట్ పెట్టించుకోవాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. జబ్బు వల్ల రొమ్ము కోల్పోయిన మనిషి తిరిగి నలుగురిలోకి రావడానికి అది తోడ్పడుతుంటే, దాన్ని సోకుగా చూసే హక్కు ఎవరికీ లేదు. నిర్ణయం ఆమెదే కనుక మంచిచెడులన్నీ ఆమెకు ముందే తెలియాలి. తర్వాత ఏ కంపెనీ సరుకులో ఏ లోపం బయటపడినా ఆమెను వెతికి కబురు చేయగల లెక్క ప్రభుత్వం దగ్గర ఉండాలి. ఈ రెండు విషయాల్లోనూ మనం వెనకబడే ఉన్నామన్నది మా అభిప్రాయం.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ఇబ్బందులు వచ్చే అవకాశం, మరో ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం పెరుగుతాయి. పరాయి వస్తువు లోపలికి రాగానే శరీరం దాని చుట్టూ ఒక పొర అల్లుకుంటుంది. కొందరిలో ఆ పొర మందమై, బిగుసుకుపోయి, రొమ్ము గట్టిపడి నొప్పి పెడుతుంది. క్యాన్సర్ చికిత్సలో భాగంగా రేడియేషన్ తీసుకున్నవారిలో ఈ బెడద మరీ ఎక్కువ. సెలైన్ నింపిన ఇంప్లాంట్ పగిలితే రొమ్ము కుంగిపోయి వెంటనే తెలిసిపోతుంది. సిలికాన్ జెల్ నింపినది పగిలితే ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, లక్షణాలేవీ లేకపోయినా పెట్టిన 5, 6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించుకోవాలని సూచిస్తోంది. ఆపరేషన్ ఖర్చు మాట్లాడుకునే నాడు ఈ స్కానింగుల ఖర్చు, రేపు మార్చడానికో తీసేయడానికో అయ్యే ఖర్చు కూడా ఆ కుటుంబం ముందు పెట్టాలి.

ఇంతకంటే తీవ్రమైనది, వైద్యులు బీఐఏ-ఏఎల్‌సీఎల్ అని పిలిచే ఒక రకం లింఫోమా, అంటే రోగనిరోధక కణాలకు వచ్చే క్యాన్సర్. ఇది రొమ్ము కణజాలానికి వచ్చే క్యాన్సర్ కాదు. ఇంప్లాంట్ చుట్టూ చేరే నీటిలో, పొరలో రోగనిరోధక కణాల నుంచి పుట్టుకొస్తుంది. ఉపరితలం నునుపుగా కాక గరుకుగా ఉండే టెక్స్చర్డ్ ఇంప్లాంట్లు ఉన్నవారిలోనే ఎక్కువగా కనిపిస్తోంది. ఎఫ్‌డీఏ 2011లో దీనిపై హెచ్చరించగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గుర్తించింది. 2019 జులై నాటికి ప్రపంచవ్యాప్తంగా 573 కేసులు, 33 మరణాలు లెక్కకు వచ్చాయి. ఆ 573 మందిలో 481 మందికి ఉన్నవి అలర్గాన్ కంపెనీ ఇంప్లాంట్లు. ఎఫ్‌డీఏ కోరిన మీదట ఆ కంపెనీ తన బయోసెల్ రకాన్ని అన్ని దేశాల మార్కెట్ల నుంచీ వెనక్కి తీసుకుంది. జబ్బు అరుదైనదే. తొలిదశలో పట్టుకుంటే, ఇంప్లాంట్‌తో పాటు చుట్టూ ఉన్న పొరను పూర్తిగా తీసేయడంతోనే చాలామందికి నయమవుతుంది. అయితే నీరు చేరి ఉబ్బిన రొమ్మును చూడగానే వైద్యునికి ఈ జబ్బు స్ఫురించాలి, ఆ నీరు తీసి, ఈ జబ్బు కణాల గుర్తును పట్టే సీడీ30 పరీక్షకు పంపాలి. చీము పట్టిందనుకుని యాంటీబయాటిక్ రాసి పంపేస్తే విలువైన కాలం చేజారుతుంది. మన జిల్లాల్లోని వైద్యులకు ఈ విషయంపై ప్రత్యేకంగా అవగాహన కల్పించాలని మేము కోరేది ఇందుకే.

విపరీతమైన అలసట, కీళ్ల నొప్పులు, మతిమరుపు వంటి బాధలు ఇంప్లాంట్ తర్వాతే మొదలయ్యాయని, తీసేయించుకున్నాక తగ్గాయని వేలాది మహిళలు పలు దేశాల్లో చెబుతున్నారు. కారణం ఇదీ అని విజ్ఞానశాస్త్రం ఇంకా తేల్చలేదు. తేలనంత మాత్రాన ఆ బాధను మనసు పుట్టించిన భ్రమగా కొట్టిపారేయడం వైద్యధర్మం కాదు.

ఈ పరికరాల చరిత్రంతా ముందు అమ్మకం, తర్వాత పరీక్ష అన్నట్లుగానే సాగింది. తొలి సిలికాన్ ఇంప్లాంట్‌ను 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో పెట్టారు. భద్రతపై తగిన రుజువులు లేవంటూ ఎఫ్‌డీఏ వాటి వాడకానికి కళ్లెం వేసింది 1992లో. షరతులతో తిరిగి అనుమతించింది 2006లో. ఫ్రాన్స్‌లో జరిగింది ఇంకా ఘోరం. పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని, పరిశ్రమల్లో వాడే చవక సిలికాన్‌ను ఇంప్లాంట్లలో నింపి దేశదేశాలకూ అమ్మింది. ఒక్క ఫ్రాన్స్‌లోనే సుమారు 30,000 మంది మహిళలు వాటిని పెట్టించుకున్నారు. తనిఖీదారులు వస్తున్నట్లు ముందే తెలిసేది కనుక, వాళ్లు వచ్చేసరికి ఆ సరుకు కనబడకుండా దాచేసేవారు. నాణ్యత ధ్రువపత్రానికి మాత్రం ఏ లోటూ రాలేదు. ఇంప్లాంట్లు మామూలు కంటే ఎక్కువగా పగులుతున్నాయని సర్జన్లు ఫిర్యాదు చేశాకే 2010లో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గుట్టు రట్టు చేసింది. కంపెనీ వ్యవస్థాపకుడికి 2013లో నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. చేతిలో సర్టిఫికెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవారు ఈ ఒక్క ఉదంతాన్ని చదివితే చాలు.

మన దేశంలో నిబంధనలు లేవని అనలేం. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రమాద స్థాయి ఎక్కువగా ఉన్న పరికరాలకు అనుమతులు ఇచ్చేది కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేయడానికి 2015లో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించారు. లోటంతా పరికరం లోపలికి వెళ్లిన తర్వాతే. డీప్యూ కంపెనీ ఏఎస్‌ఆర్ రకం కృత్రిమ తుంటి కీళ్ల వ్యవహారం ఇందుకు నిదర్శనం. లోపం బయటపడి 2010లో వాటిని వెనక్కి తీసుకునేసరికి మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లు జరిగిపోయాయి. ఏళ్ల తర్వాత నిపుణుల కమిటీ లెక్క తీస్తే వారిలో దాదాపు 3,600 మంది ఆచూకీ దొరకలేదు. రొమ్ము ఇంప్లాంట్ల విషయంలో అదే జరగదని హామీ ఇవ్వగలవారు ఎవరు? ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ 2015లో, బ్రిటన్ 2016లో ఎవరికి ఏ రొమ్ము ఇంప్లాంట్ పెట్టారో నమోదు చేసే ప్రత్యేక రిజిస్ట్రీలు ఏర్పాటు చేసుకున్నాయి. మనకూ అటువంటిది కావాలి, అందులో నమోదు ప్రతి ఆసుపత్రికీ తప్పనిసరి కావాలి.

ఇది ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఇంప్లాంట్ పెట్టెలోనే సీరియల్ నంబరు, ఏ విడతలో తయారైందో తెలిపే లాట్ నంబరు ముద్రించిన చిన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేస్ షీటుపై, ఒకటి రోగికి ఇచ్చే కార్డుపై అంటించాలి. డిశ్చార్జి కాగితంలో ‘ఇంప్లాంట్ అమర్చడమైనది’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే ఆ స్టిక్కర్లు చెత్తబుట్ట పాలైనట్లే. స్కూటర్ కొంటే ఛాసిస్ నంబరు ఆర్సీలోకి ఎక్కకుండా బండి రోడ్డు మీదకు రాదు. మనిషి ఒంట్లోకి వెళ్లే పరికరానికి ఆపాటి పట్టింపు అయినా ఉండనక్కర్లేదా? కేంద్రం రిజిస్ట్రీ తెచ్చేదాకా రాష్ట్రం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం ఉంది. రోగికి ఇంప్లాంట్ కార్డు ఇవ్వాలని, నకలు జిల్లా వైద్య ఆరోగ్యశాఖకు పంపాలని ప్రభుత్వం ఆదేశించాలి. పొరుగు రాష్ట్రాల్లో పెట్టించుకుని వచ్చినవారి వివరాలను స్వచ్ఛందంగా నమోదు చేసుకునే బాధ్యతను కర్నూలు వైద్య కళాశాల వంటి సంస్థకు అప్పగించవచ్చు. పేర్లు బయటకు పొక్కవన్న నమ్మకం కలిగిస్తేనే మహిళలు ముందుకు వస్తారు.

అంగీకార పత్రం సంగతి మరొకటి. ఆపరేషన్ రోజు పొద్దున, సెలైన్ ఎక్కుతున్న చేతికి నాలుగు పేజీల ఇంగ్లిష్ ఫారం అందించి సంతకం పెట్టమంటే దాన్ని అంగీకారం అనలేం. అమెరికాలో 2021 నుంచి, నష్టాలన్నీ వరుసగా రాసిన జాబితాను రోగితో చర్చించి, సంతకాలు తీసుకోవడం తప్పనిసరి. అటువంటిది మనకు తెలుగులో ఉండాలి, ఇంటికి తీసుకెళ్లి చదువుకునే వ్యవధితో ముందే చేతికివ్వాలి. క్యాన్సర్ రోగులకు ఇంప్లాంట్ ఒక్కటే మార్గం కాదని, సొంత కండరం, కొవ్వుతో రొమ్మును తిరిగి రూపొందించే శస్త్రచికిత్సలూ ఉన్నాయని అందులో రాయాలి.

రొమ్ముల ఆకృతిని మారుస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం నిషేధించింది. అయినా బస్టాండు గోడల మీద, ఇప్పుడు ఫోన్లలో, క్రీములు, మాత్రల ప్రచారం ఆగలేదు. ఇంకా భయంకరమైనది, తక్కువ ఖర్చుకు వస్తుందని ద్రవ సిలికాన్‌ను నేరుగా సూదితో ఎక్కించడం. ఊపిరితిత్తుల దాకా పాకి ప్రాణం తీయగల ఈ పనికి ఎక్కువగా బలయ్యేది ఆసుపత్రిలో ఆదరణ దొరకని ట్రాన్స్‌జెండర్ మహిళలు. ఔషధ నియంత్రణ అధికారులు, పోలీసులు కలిసి ఇటువంటి చోట్లపై దాడులు చేయాలి.

ఇప్పటికే ఇంప్లాంట్ ఉన్నవారు కంగారుపడి తీసేయించుకోవలసిన పనిలేదు. లక్షణాలు లేనివారికి తొలగింపును ఎఫ్‌డీఏ సిఫారసు చేయడం లేదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఈ నెలలోనే రాసి, ఇంప్లాంట్ వివరాలున్న కాగితాల నకళ్లు తెప్పించుకోవాలి. ఉబ్బు, గడ్డ, కొత్తగా నొప్పి, ఆకారంలో మార్పు కనిపిస్తే అవి వెంట తీసుకుని వైద్యుని వద్దకు వెళ్లాలి. మామోగ్రఫీకి (రొమ్ము ఎక్స్‌రేకు) వెళ్లినప్పుడు లోపల ఇంప్లాంట్ ఉన్న సంగతి టెక్నీషియన్‌కు ముందే చెబితే, దానికి తగినట్లు అదనపు కోణాల్లో చిత్రాలు తీస్తారు.