క్రీము డబ్బాకున్న నియమం కలంకారీ చీరకు ఎందుకు లేదు?

స్కిన్‌కేర్ కంపెనీ, ఫ్యాషన్ డిజైనర్ కలిసి ర్యాంప్ షో చేయడం ఇప్పుడు మామూలైపోయింది. మన దేశంలో ఈ దారి వేసింది లాక్మే. 1952లో టాటాలు మొదలుపెట్టి, తర్వాత హిందుస్థాన్ లీవర్ చేతికి వెళ్లిన ఈ బ్రాండ్ పేరుతో 2000 నుంచి ఫ్యాషన్ వీక్ నడుస్తోంది.

ఇందులో ఎవరి అవసరం వాళ్లది. ముఖానికి రాసిన సీరమ్ ఫొటోలో కనిపించదు, చీర కనిపిస్తుంది. అందుకే కంపెనీకి బట్ట కావాలి. డిజైనర్‌కేమో స్టేజీ, లైట్లు, మోడళ్ల ఖర్చు పెట్టుకునేవాళ్లు కావాలి. ఈ బేరంలో నాకు తప్పేమీ కనిపించదు. హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా, మగ్గం మీదే చేత్తో బొమ్మలు నేసే జాందానీ పనిని ఇలాంటి వేదికల మీదికి తీసుకెళ్లబట్టే అది అంతమంది కళ్లలో పడింది.

నా బాధంతా ఆ బేరంలో లేని మూడో మనిషి గురించి, అంటే బట్ట మీద పనిచేసే కళాకారుల గురించి. మొక్కల నుంచి తీశామని చెప్పుకునే క్రీముకు సహజ రంగుల బట్ట చక్కగా జత కుదురుతుంది. అలాంటి బట్ట తిరుపతికి గంట దూరంలోనే ఉంది, శ్రీకాళహస్తి కలంకారీ. నూలు గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాల వల్ల రంగు పక్కకు పాకదు. చింతబొగ్గుతో బొమ్మ గీసుకుని, వెదురుపుల్లకు గుడ్డ చుట్టి దారంతో బిగించిన కలంతో నల్లగీత వేస్తారు. ఆ నలుపును కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే వస్తుంది. గుడ్డలోని కరక్కాయ వగరు, ఆ ఇనుము కలిసిన చోట నలుపు తేలుతుంది. తర్వాత పటిక, ఉడకబెట్టడం, పారే నీళ్లలో ఉతకడం, ఎండబెట్టడం, మళ్లీ రంగు, మళ్లీ ఉతుకు. అంత ఎండలో, అంతసేపు నీళ్లలో నానే చేతులవి.

క్రీము డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, అందులో కలిపినవేంటో ముద్రించాల్సిందే. 2020 కాస్మెటిక్స్ నిబంధనలు అదే చెబుతున్నాయి. డబ్బు తీసుకుని ఆ క్రీమును మెచ్చుకునే ఇన్‌ఫ్లుయెన్సర్ అది ప్రకటన అని చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లో స్పష్టం చేసింది. అదే షోలో మోడల్ కట్టిన చీర మీద బొమ్మ ఎవరు వేశారో చెప్పాల్సిన పని మాత్రం ఎవరికీ లేదు. కలంకారీకి భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే జీఐ ట్యాగ్) ఉంది కదా అంటారు. ఉంది, కానీ అది కాపాడేది ఊరి పేరునే, గీసినవాళ్ల పేరును కాదు. ఆ ఊరి పేరుకైనా అన్నిచోట్లా మన్నన దక్కుతుందా అంటే అదీ లేదు. కొల్హాపురి చెప్పులకు 2019లోనే ఆ గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా మిలాన్ షోలో అచ్చం అలాంటి చెప్పులే పెట్టి, మొదట ఆ ఊసే ఎత్తలేదు. ఇక్కడ గొడవ మొదలయ్యాకే మన చేతివృత్తుల నుంచి ప్రేరణ పొందామని ఒప్పుకుంది. మరి గొడవ చేసే బలం లేనివాళ్లు ఏం కావాలి?

కొనేవాళ్లు గట్టిగా అడిగితే కంపెనీలు వింటాయి. ఫెయిర్ అండ్ లవ్‌లీ పేరులో 'ఫెయిర్' 2020లో పోయింది, ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గానే. ఇప్పుడు అడగాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేం కావు. బట్ట మీద పని చేసినవాళ్ల పేర్లు తెర మీద, బ్రాండ్ పెట్టే ప్రతి రీల్‌లో ఉండాలి. చివర్లో డిజైనర్ ర్యాంప్ మీదికి వచ్చేటప్పుడు వాళ్లనూ వెంట తీసుకురావాలి. అన్నిటికంటే ముఖ్యం, షో అయ్యాక అదే బొమ్మను క్రీము అట్టపెట్టెల మీద, పండగ గిఫ్ట్ ప్యాకుల మీద అచ్చువేస్తే దానికి విడిగా డబ్బు చెల్లించాలి. ఒకసారి చీర అమ్మినంత మాత్రాన బొమ్మ మీద హక్కులన్నీ రాసిచ్చినట్టు కాదని ఒప్పందంలోనే ఉండాలి. ఆ ఒప్పందం నమూనాను కళాకారులు తామే చదువుకుని సంతకం పెట్టేలా తెలుగులో తయారుచేసే పని రాష్ట్ర హస్తకళల సంస్థ లేపాక్షి ఈ ఏడాదే మొదలుపెట్టాలి.