పక్కపక్క బడులే... చదువులో ఎందుకింత తేడా?

పక్కపక్క ఊళ్లలో రెండు ప్రాథమిక పాఠశాలలు. పుస్తకాలు అవే, సిలబస్ అదే, పిల్లల ఇళ్ల పరిస్థితీ ఇంచుమించు అంతే. ఒక బడిలో మూడో తరగతి పాప ముందెప్పుడూ చూడని కథను కూడబలుక్కుంటూ చివరిదాకా చదివేస్తుంది. రెండో బడిలో అదే వయసు పిల్లవాడు పాఠం గడగడా అప్పజెబుతాడు. వాడి వేలు మాత్రం రెండు వరుసలు వెనకే ఉంటుంది. ఆ వేలిని గమనించని తనిఖీలు ఎన్ని చేసినా ఏం లాభం?

ఫలితాలు రాగానే బడులకు ర్యాంకులు కట్టే అలవాటు మానుకోవాలి. ఎనిమిది మందే ఉన్న తరగతిలో ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత 100 నుంచి 87.5 శాతానికి పడిపోతుంది. మరుసటి ఏడాది మళ్లీ ఎగబాకవచ్చు. ఆ ఒక్క అంకె పట్టుకుని టీచర్‌ను నిలదీస్తే మిగిలేది టెన్షనే.

మార్కుల తేడాల్లో ఇంటి నేపథ్యానిదే పెద్ద పాత్ర అని 1966లో అమెరికాలో వెలువడిన కోల్‌మన్ నివేదిక చెప్పింది. కాదనలేం. కానీ 'తల్లిదండ్రులకే చదువు లేదు, మేమేం చేస్తాం' అనడానికి దాన్ని అడ్డుపెట్టుకోకూడదు.

ఏకోపాధ్యాయ పాఠశాలలోకి ఒక్క పూట తొంగి చూడండి. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి భాగహారం సగంలో ఆగిపోతుంది. ఈలోగా రిజిస్టర్లు నింపాలి, పైనుంచి అడిగిన వివరాలు పంపాలి. ఆ టీచర్‌కు జ్వరమొస్తే ఆ రోజు బడే లేదు. పెద్ద బడితో పోల్చి చూసేటప్పుడు ఇవేవీ లెక్కలోకి రావు.

ఇలాంటి బడుల కోసమే కొలంబియాలో 1970ల్లో 'ఎస్కుయేలా న్యూవా', అంటే కొత్త బడి, మొదలైంది. పిల్లలు అభ్యాస పుస్తకాలతో చిన్న జట్లుగా, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకుంటారు. టీచర్ జట్టు జట్టుకూ తిరుగుతారు. తర్వాత లాటిన్ అమెరికా దేశాల్లో జరిగిన పరీక్షల్లో, మహానగరాలను మినహాయిస్తే, కొలంబియా పల్లె బడులే అక్కడి పట్టణాల బడులను మించాయి. కెన్యాలో మాత్రం పల్లె బడులకు ఉచితంగా పాఠ్యపుస్తకాలిస్తే అప్పటికే బాగా చదివేవాళ్లే లాభపడ్డారు. మిగతావాళ్లకు ఆ ఇంగ్లిష్ పుస్తకాలు అర్థం కాలేదు.

అందుకే మేం కోరేది ఇది. ఏడాది మొదట్లో, చివర్లో ప్రతి పిల్లవాణ్నీ పక్కన కూర్చోబెట్టుకుని ఒక కొత్త పేజీ చదివించాలి. బడిని దాని నిన్నటితోనే పోల్చాలి. ఒక్కరే టీచర్ ఉన్న ప్రతిచోటా రెండో టీచర్‌ను వేయాలి. అప్పటివరకు, ఉన్న టీచర్ సెలవు పెట్టిన రోజున తాళం తీయడానికి ఒక మనిషిని పంపాలి.