"మొదటి బిడ్డ ఏదమ్మా?"

మా చెల్లెలు రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు నెలనెలా పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ ఎదురైన ప్రశ్న ఇది. తొమ్మిదో నెలలో బిడ్డ కడుపులోనే చనిపోయిన సంగతి కేసు షీటులో రాసే ఉన్నా, డ్యూటీలో మనిషి మారినప్పుడల్లా, వెనక వరుసలో పదిమంది వింటుండగా, ఆ మాట ఆమె తన నోటితోనే చెప్పవలసి వచ్చింది.

మొదటి కాన్పు తర్వాత ఆమెను బాలింతల వార్డులోనే పడుకోబెట్టారు. అటూ ఇటూ పసిపిల్లల ఏడుపులు. మూడో రోజు పాలు పడి రవిక తడిసిపోతే, తువ్వాలు అడ్డుపెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ లేకపోయినా పాలు వస్తాయని ముందుగా చెప్పినవారు లేరు. బట్టలో చుట్టిన బిడ్డను చేతులమీద మోసుకెళ్ళిన మా మరిదిని పలకరించినవారూ లేరు.

అటువంటి తల్లి మళ్ళీ పరీక్ష బల్ల ఎక్కగానే వణికిపోతే దాన్ని నఖరా అనడం అన్యాయం. కసిరితే ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకుంటే పరీక్షలో నొప్పి పెరుగుతుంది, ఆ నొప్పికి భయపడి ఆమె తర్వాతి పరీక్షే మానేస్తుంది. మా చెల్లెలు ఒక నెల అలాగే మానేసింది. తర్వాత చూసిన నర్సమ్మ ముందు కేసు షీటు చదివింది, తెర లాగింది, బిడ్డ గుండెచప్పుడు వినిపించింది. "ఇప్పుడు చెయ్యి వేస్తానమ్మా, ఆపమంటే ఆపేస్తాను" అని, చెల్లెలు తల ఊపేదాకా ఆగింది. దానికి పట్టింది రెండు నిమిషాలు.

కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. 2017లో మొదలైన 'లక్ష్య' కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లికి గౌరవం, మరుగు ఉండాలన్నది. అయినా మా అమ్మ రాత్రంతా మెట్లమీదే కూర్చుంది. కాన్పు తర్వాతి మనోవ్యథను పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నుంచీ ఉంది, అందులో ఉన్నవి 10 ప్రశ్నలే; బిడ్డకు ఆరో వారం టీకా వేయించడానికి వచ్చిన తల్లిని అప్పుడే అడగవచ్చు.

నర్సుల అలసటను నేను కాదనను. చనిపోయిన బిడ్డను చేతుల్లోకి తీసుకున్న మనిషి మరుక్షణమే ఇంకో బల్ల దగ్గరికి పరుగెత్తాలంటే ఎలా? ఆమెకూ కాసేపు కూర్చునే వీలు, మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఉండాలి.

బిడ్డను పోగొట్టుకున్న తల్లికి బాలింతలకు దూరంగా, తెర ఉన్న మంచం ఒకటి ఇవ్వండి. ఆమె కార్డుమీద సిబ్బందికి మాత్రమే అర్థమయ్యే గుర్తు వేయండి, ఆ ప్రశ్న ఆమెను మళ్ళీ ఎవరూ అడగకుండా.